శాలువాకు తగిన భుజాలు

ఆచార్యవర్యా,

మీ పదవీ విరమణ సభకు సన్మానపత్రం రాసిపెట్టమని సంఘంవాళ్ళు నన్నడిగారు. పేరు రాయాల్సిన చోట గీత గీసి వదిలితే చాలన్నారు. ఏటా ఇద్దరు ముగ్గురు దిగిపోతూనే ఉంటారట, ఒక పత్రం రాయించుకుంటే పదిమందికి పనికొస్తుందట. అందుకని ఇందులో మీ పేరుండదు, మీ విశ్వవిద్యాలయం పేరూ ఉండదు. నేరశాస్త్రమో, సమాజశాస్త్రమో, నేరన్యాయ వ్యవస్థో ఏదో ఒకటి పట్టుకొని ముప్పై అయిదేళ్ళు బతికి, ఆ మొత్తం కాలంలో ఒక్క నేరస్థుణ్ణిగానీ ఒక్క బాధితుణ్ణిగానీ నొప్పించకుండా, అసలు కలవనే కలవకుండా ఒడ్డున పడ్డ ప్రతి మహానుభావుడికీ ఇది చెల్లుతుంది. ఫ్రేము కట్టించుకోండి.

మీ అదృష్టం ఊరితోనే మొదలైంది. నేరాన్ని చదవదలచినవాడికి తిరుపతిని మించిన క్షేత్రం ఉందా? చదువులకు 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఆ కొసన కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. చదువు పక్కనే సరుకు కూడా పెట్టాడు స్వామి: కల్యాణీ డ్యాం కాడ పోలీసుల శిక్షణ కళాశాల, ఊళ్ళో ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఎర్రచందనం కేసులకని ప్రత్యేకంగా కోర్టు. వీటన్నిటి వెనక శేషాచలం. ఎర్రచందనం తనంతట తాను మొలిచేది ప్రపంచం మొత్తం మీద దాదాపు ఈ కొండల వరుసలోనే. ఆ చెట్టు పేరు చెప్పుకొని కాయలమ్ముకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, చెట్టు కిందనే ఉండి పైకి చూడకుండా ఉద్యోగం నడిపిన నిగ్రహం మీదే.

ఒక్క దుంగ వెంట నడిస్తే శాస్త్రమంతా ఎదురవుతుంది. తమిళనాట జవ్వాదు కొండల్లో పనిలేని మనిషి ఒకడు. వాడి చేతిలో అడ్వాన్సు పెట్టే మేస్త్రీ ఒకడు. దుంగల బండికి ముందు దారి చూసుకుంటూ పోయే పైలట్ వాహనం, ఎవరిదో తెలియని గోదాము, చెన్నై రేవు, ఆవల చైనా. గొడ్డలి పట్టినవాడు ప్రతిసారీ దొరుకుతాడు. గోదాము తాళం పట్టినవాడు ఎప్పుడో ఒకసారి దొరుకుతాడు. రేవు దాటినాక ఎవరికి చేరుతుందో వాడు దొరకనే దొరకడు. పేదరికం, అప్పు, వలస, కులం, రాష్ట్ర సరిహద్దు, రాజకీయం, అంతర్జాతీయ బేరం, అన్నీ ఒకే తాటి మీద కట్టి ఉన్నాయి. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను ఈ అడవిలోనే స్మగ్లర్ల మూక పొట్టన పెట్టుకుంది. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పులకు 20 మంది తమిళ కూలీలు చచ్చిపోయారు. ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. పట్టుకెళ్ళి కాల్చారన్నారు పౌరహక్కులవాళ్ళు. మానవ హక్కుల కమిషన్ కదిలింది, హైకోర్టు కదిలింది, రెండు రాష్ట్రాల పత్రికలు కదిలాయి. మీరు చలించలేదు. స్థితప్రజ్ఞుడి లక్షణాలు గీతలో చదివి ఊరుకునేవాణ్ణి, మిమ్మల్ని చూశాక అర్థమైంది.

చలించకపోవడానికి మీ దగ్గర లెక్క ఉంది. ఆ లెక్క విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, యూజీసీ వారే వేసిపెట్టారు. పదోన్నతుల కోసం పెట్టిన 2018 నిబంధనల పట్టిక తెరిస్తే సమాజశాస్త్రాలవాడికి ఒక పేపరు అచ్చయితే 10 మార్కులు. విదేశంలో సదస్సుకు పోయి మాట్లాడితే 7. అంతర్జాతీయ సదస్సే గానీ మన దేశంలోనే జరిగితే 5. జాతీయ సదస్సయితే 3. మీరు మలేషియా పోయి ఏసీ హాల్లో పావుగంట స్లైడ్లు చూపించి 7 తెచ్చుకున్నారు. అదే తిరువణ్ణామలై పోయి, అడవిలో చనిపోయినవాడి పెండ్లాం ముందు కూర్చొని మూడు రోజులు విని వస్తే ఎంత? పట్టికలో ఆ వరుసే లేదు. మాట్లాడితే మార్కులు, వింటే సున్నా. లెక్క తెలిసినవాడు ఎక్కడికి పోవాలో వేరే చెప్పాలా? దీన్ని కొందరు అన్యాయమంటారు. నేను దూరదృష్టి అంటాను. మలేషియా దూరమే కదా.

అయినా మీరు క్షేత్ర పరిశోధన చేయించలేదని అంటే నా నోరు పడిపోతుంది. నేనే సాక్షిని. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు ప్రశ్నావళి కాగితాల కట్ట పట్టుకొని మా ఇంటికొచ్చాడు. విడుదలైన ఖైదీల పునరావాసం మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు.

“సార్, మీరు కొంచెం ఖైదీగా నింపాల.”

“నేనెప్పుడు పొయినాను నాయినా జైలుకి?”

“పర్మిషన్ రాలేదు సార్. ఏడాదిగా ఆఫీసుల సుట్టూ తిరగతా ఉండా. ఈ నెలాఖరుకి సబ్మిట్ చెయ్యాల. నూటిరవై మంది కావాల్సుంటే ఎనభై రెండే అయినాయి.”

“సరే. ఎన్నేండ్లు వేసుకోమంటావు?”

“మీ ఇష్టం సార్. యావజ్జీవం మాత్రం వద్దు, అది మా మామ ఏసుకున్యాడు.”

చిల్లర దొంగతనం కింద మూడేళ్ళు వేసుకున్నాను. ‘జైల్లో భోజనం’ అన్న ప్రశ్న దగ్గర మా ఇంటి వంట తలుచుకొని ‘పరవాలేదు’కు టిక్కు పెట్టాను. బయటికి వచ్చాక బంధువులు ఆదరించారా అంటే, ఆ ముందు వారమే మా తోడల్లుడి ఇంట్లో పెండ్లికి పోయిన అనుభవంతో, ‘అంతంతమాత్రం’ అన్నాను. ఆర్నెల్లకు ఆ కుర్రాడు డాక్టరయి మిఠాయి పెట్టె తెచ్చిచ్చాడు. ఖైదీల్లో ఎక్కువమందికి జైలు భోజనం పరవాలేదని తేలిందట. నాకు వాడి మీద కోపం రాలేదు. వాడు నిజంగానే అర్జీ పట్టుకొని తిరిగాడు, చెప్పులరిగాయి. ఎవరో ఒకరిచేత నింపించెయ్ అని చివరికి దారి చూపింది మీరు. దారి చూపేవాడే గదా గురువు. మీకూ 10 మార్కులు వచ్చాయి, ఒక పీహెచ్‌డీ పట్టా చేతికొస్తే గైడుకు అంత అని అదే పట్టికలో ఉంది.

ఎం.ఎన్. శ్రీనివాస్ గారి సంగతి మీరు తరగతిలో ఏటా చెబుతారు. 1948లో మైసూరు దాపున రాంపుర అనే ఊళ్ళో కాపురముండి ఆయన నోట్సు రాసుకున్నాడు. 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఉన్న చోటికి ఎవరో నిప్పు పెడితే ఏళ్ళ తరబడి తయారు చేసుకున్న కాగితాలు కాలిపోయాయి. అయినా గుర్తున్నంత మేరకు రాసి 1976లో పుస్తకం తెచ్చాడు. గొప్పే. అయితే ఆయనకు ఒక ఊరు కావలసి వచ్చింది, దాన్ని జ్ఞాపకం మీద రాయడానికి ఒక అగ్నిప్రమాదం కావలసి వచ్చింది. మీకు రెండూ అక్కర్లేదు. చూడని ఊరిని జ్ఞాపకం మీద రాయడం ఆయన వల్ల కూడా కాలేదు.

ఆ రాతలోనూ మీ నీతికి హద్దుంది. పది శాతం. 2018లో యూజీసీ రాతదొంగతనం మీద నిబంధనలు తెచ్చింది. పరాయి రాతతో పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు, పదికీ నలభైకీ మధ్య ఉంటే మళ్ళీ రాసుకొని తెమ్మంటారు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. శేషాచలంలో దుంగ మోసేవాడికి ఈ వెసులుబాటు లేదు. సార్, నేను మోసిందాంట్లో తొమ్మిది శాతమే ఎర్రచందనం, మిగతాది వేపకట్టె అంటే జడ్జి గారు నవ్వుతారు. మీరు మాత్రం సాఫ్ట్‌వేరులో పదకొండు వస్తే నాలుగు ‘అందువలన’లను ‘కావున’లుగా మార్చి తొమ్మిదికి దించారు. శాస్త్రానికి నిర్వచనం దొరకని సమస్య ఒకటి ఉంది: ఎంత దొంగిలిస్తే దొంగ? దానికి అంకెతో సహా జవాబు చెప్పిన తొలి నేరశాస్త్రవేత్తలు మీ తరంవారే.

మీ గ్రంథసమీక్షా అధ్యాయం నేను ఎన్నోసార్లు చదివాను. ఎన్నోసార్లు అంటే, మీ శిష్యులందరి సిద్ధాంత గ్రంథాల్లోనూ అదే ఉంది. క్రైమ్ అన్న మాట లాటిన్ ‘క్రిమెన్’ నుంచి పుట్టిందన్న వాక్యంతో మొదలై, 1876లో ఇటలీలో లొంబ్రోసో దొంగల దవడలు కొలవడం, డర్క్‌హైమ్ నేరం మామూలే అనడం, సదర్లాండ్ 1939లో తెల్లకాలర్ నేరమనే మాట పుట్టించడం మీదుగా నడుస్తుంది. సదర్లాండ్ దగ్గర కాస్త ఆగుతాను, ఆయన మీకు నచ్చవలసిన మనిషి. 1949లో పుస్తకం వేసేటప్పుడు పెద్ద కంపెనీల పేర్లు రాస్తే పరువునష్టం దావాలు పడతాయని ప్రచురణకర్త భయపడితే పేర్లన్నీ తీసేశాడు. ఉన్నదున్నట్టు పుస్తకం 1983లో గానీ రాలేదు. ఎంత శ్రమ చూడండి! రాయడం, కొట్టేయడం, చచ్చిపోయిన ముప్పై ఏళ్ళకు మళ్ళీ అతికించడం. మీరు మొదటే రాయకుండా ఆ ఖర్చంతా మిగిల్చారు.

లొంబ్రోసో నుంచి ఒక్క గెంతులో ‘ప్రస్తుత అధ్యయనం – చిత్తూరు జిల్లా’కు వచ్చేస్తారు. మధ్యలో ఈ నేల మీద జరిగింది ఒకటుంది, దాన్ని మీరు తొక్కకుండా దాటిన తీరు కోతికి కూడా రాదు. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాష్ట్రపు ‘నేర వర్గాల’ మీద పుస్తకం రాశాడు. ఫలానా కులం వాళ్ళు ఎట్లా దొంగిలిస్తారు, ఏ బాసలో మాట్లాడుకుంటారు అని. మన ఎరుకలవాళ్ళు, తమిళంలో కొరవలు, అందులో ఉన్నారు. వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని ఊరూరా తిరిగి అమ్మిన వర్తకులు. రైళ్ళొచ్చి, దొరల ఉప్పు చట్టాలొచ్చి ఆ వ్యాపారం కూలిపోతే వాళ్ళ సంచారమే నేరమైందని మీనా రాధాకృష్ణ 2001లో ఒక పుస్తకమంతా రాసింది. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అదే ఏడు ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. జిల్లా పుట్టిన ఏడే ఆ జిల్లాలోని పిల్లలు పుట్టుకతో నేరస్థులు కాగల చట్టమూ వచ్చిందన్నమాట. వేలిముద్రలు, పోలీసు హాజరు, కదలాలంటే అనుమతి. 1913లో బాపట్ల దగ్గర వాళ్ళ కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంటు. 1952కల్లా దేశమంతటా చట్టం పోయింది, పేరు పోలేదు.

పేరు పోగొట్టే పనీ, తిరిగి చూసి రాసే పనీ ఎవరు చేశారో ఒకసారి చూడండి. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య చేశాడు, ఆయన సంఘసేవకుడు, ఆచార్యుడు కాడు. రాయలసీమ ముఠాకక్షల గురించీ ఎన్‌కౌంటర్ల గురించీ ఊరూరా తిరిగి రాసిన బాలగోపాల్ గణితంలో పీహెచ్‌డీ చేసినవాడు, వరంగల్లులో లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలిపెట్టి మరీ తిరిగాడు. జైళ్ళలో కులాన్ని బట్టి పాయఖానా పనీ వంట పనీ పంచే నిబంధనలు, ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్ళను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. ఆ కేసు వేసింది సుకన్యా శాంత అనే విలేకరి. తాను తిరిగి రాసిన కథనాన్నే పట్టుకొని కోర్టుకు పోయింది. చూశారా, పోలీసు రాశాడు, సంఘసేవకుడు ఎదిరించాడు, లెక్కల మేస్టారు తిరిగాడు, విలేకరి గెలిచింది. వీళ్ళెవరికీ ఒక్క మార్కు రాలేదు. అన్ని మార్కులూ మీకు వచ్చాయి. వాళ్ళ పనులన్నీ మీ గ్రంథసూచికలో అక్షరక్రమంలో, ఇటాలిక్స్‌లో పెట్టి, పరస్పరం కొట్టుకోకుండా పడుకోబెట్టారు. ఇంతకంటే శాంతిభద్రతలేముంటాయి?

మీ తర్వాతి తరాన్ని తయారు చేయడంలో కూడా వ్యవస్థ మీకు తోడుగా నిలిచింది. నెట్ పరీక్షలో క్రిమినాలజీకి 68వ నంబరు. 2024 జూన్ 18న దేశమంతా 9 లక్షల మంది నెట్ రాశారు. మరునాడే పేపరు లీకయిందని పరీక్ష రద్దు చేశారు. సమాచారం ఇచ్చింది హోంశాఖలోని సైబర్ నేరాల విభాగం. కేసు సీబీఐకి పోయింది. కొన్నాళ్ళకు సీబీఐ తేల్చిందేమంటే, లీకుకు రుజువుగా చూపిన ఆ స్క్రీన్‌షాట్‌ను ఎవరో మార్చి తయారు చేశారని. అంటే నేరశాస్త్రం రాసినవాడు పరీక్ష హాల్లో నేరం గురించి రాశాడు, బయటికొచ్చేసరికి పరీక్షే నేరమైంది, ఆఖరికి ఆ నేరమే కల్పితమైంది. ఒక్క పరీక్షతో ఇంత ప్రాక్టికల్స్ ఏ విశ్వవిద్యాలయం చేయించగలదు?

అదీ దాటి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. రానివాడు అకడమిక్ కన్సల్టెంటు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఎవరో పెద్ద కంపెనీకి సలహాలిచ్చే దొర అనుకున్నాను. వాడు గంటల లెక్కన పాఠం చెప్పేవాడని, ఎండాకాలం సెలవుల్లో జీతమడగడానికి భయపడేవాడని తర్వాత తెలిసింది. 2023లో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు మూడువేలకు పైగా పోస్టులన్నారు, నోటిఫికేషన్లొచ్చాయి, కోర్టు మెట్లెక్కాయి. ఈలోగా వాళ్ళకు తల నెరిసింది. నలభై రెండేళ్ళ వయసులో ఇంకా ‘యువ పరిశోధకుడు’ అని పిలిపించుకునే భాగ్యం వేరే ఏ వృత్తిలో ఉంది? మీరు వాళ్ళచేత మీ తరగతులు చెప్పించారు, మీ పేపర్లు దిద్దించారు, మీ అమ్మాయి పెండ్లికి పందిరి గుంజలు కూడా మోయించారు. వాళ్ళు మోసినదాంట్లో సిమిలారిటీ ఎంతో ఏ సాఫ్ట్‌వేరూ చూడలేదు.

అచ్చు సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 మే నెలలో యూజీసీ తన జాబితా నుంచి 4,305 పత్రికలను ఒక్క దెబ్బకు తీసేసింది. నకిలీలన్నారు, అర్హత లేదన్నారు. తర్వాత కేర్ అని ఇంకో జాబితా పెట్టారు. 2025లో దాన్నీ ఎత్తేశారు. ఇన్ని జాబితాలు వచ్చి పోయినా మీ ప్రమోషన్లు వచ్చాయే గానీ పోలేదు. డబ్బు కడితే వారంలో ‘అంతర్జాతీయ’ పత్రికలో అచ్చేసే ఇంటి అడ్రసు మీకే తెలుసు. సూట్‌కేసు కంపెనీలను పట్టుకునే అధికారులు మీ దగ్గర ట్రైనింగు తీసుకుంటే బాగుండేది.

వేరే దేశాల్లో ఈ బతుకు ఇంత నిమ్మళంగా లేదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఒక క్రిమినాలజీ ఆచార్యుడి అంకెలు కుదరడం లేదని 2019లో ఆయన సహరచయితే బయటపెట్టాడు, డేటా చూపించమన్నాడు. ఆచార్యుడు తన తప్పేమీ లేదన్నాడు. అయినా ఆరు పేపర్లు వెనక్కి పోయాయి, 2023లో ఉద్యోగమూ పోయింది. ఆ సహరచయిత లాంటి మనిషి మన వైపు పుట్టడు. మన వైపు సహరచయిత అంటే పేపరు అచ్చయ్యాక తన పేరు అందులో ఉందని తెలుసుకొని సంతోషించేవాడు. డేటా ఏదీ అని ఏం చూసి అడుగుతాడు? ఒకవేళ అడిగినా మీ బీరువాలో నా మూడేళ్ళ జైలు శిక్ష ఉండనే ఉంది, సంతకంతో సహా.

మీ పాఠాల గురించి ఒక్క మాట. 2024 జూలై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి మారాయి. మీ నోట్సు మాత్రం మారలేదు. పసుపుపచ్చని ఆ కాగితాల్లో ఇంకా 420 అలాగే ఉంది. మంచి పనే చేశారు. మా వీధిలో కూడా ఇంకా ఎవరూ ఎవర్నీ 318 గాడని తిట్టడం లేదు. ప్రజల భాషకు దగ్గరగా ఉన్నది మీ దగ్గర ఆ ఒక్క కాగితమే.

మీ శిష్యుడొకడికి చిన్న చిక్కు వచ్చిందని విన్నాను. ‘చిత్తూరు జిల్లా – ఒక పరిశీలన’ అని అంశం తీసుకున్నాడట. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలి తిరుపతి ఒక జిల్లా, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయేసరికి తన పరిశీలన ఏ జిల్లాదో తెలియక మిమ్మల్నడిగాడట. ఏ జిల్లా అని రాసినా ఫలితాలు మారవు అని మీరు ధైర్యం చెప్పారట. ముప్పై అయిదేళ్ళ అనుభవం లేనిదే అంత నిజం నోట్లోంచి రాదు.

సభ సెనేట్ హాల్లో పెట్టారో కల్యాణమండపంలో పెట్టారో నాకింకా చెప్పలేదు. ఎక్కడైనా మిమ్మల్ని కొండవైపు ముఖం పెట్టి మాత్రం కూర్చోబెట్టొద్దని కమిటీకి చెప్పాను. అలవాటు లేని పని, మెడ పట్టేస్తుంది. శాలువా, మెమెంటో, పండ్ల బుట్ట, పక్కన ఈ పత్రం. పేరు కోసం వదిలిన గీత మీద మీరే రాసుకోండి, పెన్ను కూడా కమిటీవాళ్ళే ఇస్తారు.

రిటైరయ్యాక తీరిక దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2015లో చనిపోయిన ఆ 20 మందిలో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కొండ ఊళ్ళవాళ్ళు. తిరువణ్ణామలై తిరుపతికి రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. తిరుపతి బస్టాండులో వేలూరు బస్సులు పొద్దున్నుంచీ దండిగా ఉంటాయి, అక్కడ దిగి ఇంకో బస్సు మారితే చాలు.